కుట్టు విప్పితేనే మానే గాయం

పోయినవారం మా మామయ్య లుంగీ మీద పసుపు మరక దగ్గర ఆపాను కదా! "ఇదేమిటి మామయ్యా?" అని అడిగితే, "ఆవకాయ నూనె తల్లీ" అన్నారాయన, నిమ్మకు నీరెత్తినట్టు. ఆపరేషన్ అయిన మనిషికి పత్యం అంటూ ఆవకాయ జాడీని ఎప్పుడో అటకెక్కించేశారు మా ఇంట్లో. ఆ నూనె అటక దిగి వచ్చి, లుంగీ మడతల్లో దూరి, సరిగ్గా కుట్లున్న చోటే మరకై కూర్చుందట! ఇన్నేళ్ళుగా ఆసుపత్రిలో కట్లు కడుతున్నదాన్ని, ఆవకాయకీ చీముకీ తేడా తెలియదా నాకు?

కథలోకి ఇవాళే అడుగు పెట్టినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పేస్తాను, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా పేరు దుర్గాదేవి. పుట్టింది తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్ పక్క వీధిలో. మెట్టింది కొల్లేటి లంకలో. మా ఆయన వెంకటసాయి, మామయ్య అంకయ్య గారు చేపల చెరువులు చూసుకుంటారు. నేను రోజూ బస్సెక్కి ఏలూరు వెళ్ళి ఒక నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సుగా పనిచేస్తాను. మామయ్యకి గజ్జలో హెర్నియా. దాన్ని తువ్వాలుతో బిగించి కట్టుకుని ఏళ్ళ తరబడి మేత బస్తాలు మోశారు. పోరగా పోరగా చివరికి ఒప్పుకుంటే, మా డాక్టరు హర్షిణి గారు ఆపరేషన్ చేసి, లోపల వలలాంటి మెష్ ఒకటి పెట్టి కుట్టారు. "వలేగా, అయితే నా ఒంటికి పడుతుందిలెండి" అన్నారాయన.

అసలు చిక్కు మామయ్యతో కాదు, మా అత్తయ్య నాంచారమ్మ గారితో. ఆవిడకి గాల్‌బ్లాడర్ నిండా రాళ్ళు. నొప్పి వచ్చిందంటే మోకాళ్ళు కడుపులో పెట్టుకుని, పంటి కింద చీర కొంగు పెట్టుకుని కూర్చుంటుంది. రాయి జారి నాళానికి అడ్డం పడితే కామెర్లు వస్తాయి, అప్పుడు ప్రాణం మీదకి వస్తుందని స్కానింగ్ చూసి డాక్టరమ్మ ఎప్పుడో హెచ్చరించారు. అత్తయ్య వింటేగా! పక్కటెముకల కింద స్కానింగ్‌కి ఎలాగో ఒప్పుకుంది కానీ, డాక్టరమ్మని కనీసం పొట్ట మీద చెయ్యి వేసి చూడనివ్వలేదు. కడకి నన్ను పిలిచి ఒక పందెం పెట్టింది. "ముందు మీ మామయ్యని కోయించు. ఆయన కుట్టు చీము పట్టకుండా మానిందా, నేనూ బల్ల ఎక్కుతాను. చీము పట్టిందా, ఇంక ఈ జన్మకి నా దగ్గర ఆపరేషన్ మాట ఎత్తకు."

అలా మామయ్య గజ్జలోని ఆ చిన్న కోత మీద అత్తయ్య ప్రాణం వేలాడుతోంది. ఆ కోత దగ్గరే నాకు పసుపు మరక కనిపించింది. రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

తెల్లారగానే ఆటో పిలిచాను. "కుట్లు ఒకసారి చూపించుకుందాం మామయ్యా, మామూలుగానే" అన్నాను. ఆయన నోరు తెరిచే లోపల అత్తయ్య వెళ్ళి ఆటోలో కిటికీ వైపు కూర్చుంది. ఆవిడ వెనకాలే మా గాయత్రి వదిన, చేతిలో క్యారేజీతో.

గాయత్రి వదిన అత్తయ్య సొంత అక్క కూతురు. ఊరు కామవరపుకోట. వాళ్ళమ్మ నిరుడు పోయింది. బాబాయికి ఆపరేషన్ అని తెలిసి వంటకీ పత్యానికీ సాయమని వచ్చి మా ఇంట్లో మకాం పెట్టింది. మనిషి మంచిదే కానీ పత్యం విషయంలో పోలీసు. పప్పు పెడితే చీము పడుతుందంది. గుడ్డు వేడి చేస్తుందంది. చేప సరేసరి. కరివేపాకు కారం, నెయ్యి, బీరకాయ. చెరువు గట్టు మీద పుట్టి పెరిగిన మా మామయ్య చేప ముక్కకి మొహం వాచిపోయారు. "అలా వద్దు వదినా, గాయం మానాలంటే పప్పూ గుడ్డూ పెట్టాలి" అని నేనంటే, "నీకు ఆసుపత్రి చదువు తెలుసు, మాకు ఒళ్ళు తెలుసు" అనేది. అత్తయ్య తనని ఒక్క మాట అననిచ్చేది కాదు. మా ఇంట్లో బొచ్చె చేప తలకాయ కూర వండితే తలకాయ నాకు కాదు, మా ఆయనకి కాదు, గాయత్రికే. అక్క కూతురి మీద అంత ప్రేమేమిటో అని కుళ్ళుకున్నానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆటోలో మామయ్య దారి పొడుగునా అవతలి చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో లెక్కచూస్తూ కూర్చున్నారు. నా వైపు చూడలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నారు పాపం.

డ్రెస్సింగ్ రూములో బల్ల మీద పడుకోబెట్టగానే ఆయన మొదటి మాట, "మీ అత్తయ్యని బయట కూచోమను తల్లీ" అని. అత్తయ్య కదలనంది. డాక్టరు హర్షిణి గారు వచ్చి, "ఇక్కడ ఎక్కువమంది ఉండకూడదండీ నాంచారమ్మ గారూ, రెండు నిమిషాలు" అని మెత్తగా చెప్తే అప్పుడు లేచింది. గాయత్రి వదిన కారిడార్‌లో బెంచీ మీద కూర్చుంది. అత్తయ్య మాత్రం పచ్చ పరదా దాటిందే కానీ తలుపు దాటలేదు. పరదా కింద ఆవిడ కాళ్ళ కడియాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. చెప్తే మళ్ళీ గొడవని ఊరుకున్నాను.

అతుక్కుపోయిన కట్టుని సెలైన్‌తో తడిపి మెల్లిగా విప్పాను. కుట్ల గీతకి ఒక మూల ఉబ్బి, మెత్తబడి, సన్నగా పసుపు నీరు కారుతోంది. అంతవరకూ నేను అనుకున్నదే. కానీ చుట్టూ అరచెయ్యంత మేర చర్మం ఎర్రగా, గోధుమ రంగుగా కమిలి, పొరలు లేచిపోయి ఉంది.

డాక్టరమ్మ వంగి చూశారు. గ్లవ్స్ వేసుకున్న వేలితో ఉబ్బు మీద ఒకసారి, ఆ ఎరుపు మీద ఒకసారి నొక్కి చూశారు.

"లోపల చీముంది, అది సరే" అన్నారు. "ఈ చుట్టూ ఎరుపు మాత్రం చీము వల్ల వచ్చింది కాదు దుర్గా. ఇది కాలిన ఎరుపు. అంకయ్య గారూ, దీని మీద ఏం రాశారండీ?"

"ఏం రాస్తానండీ? మీరిచ్చిన మందే కదండీ" అన్నారు మామయ్య, పైన తిరుగుతున్న ఫ్యాన్‌తో చెబుతున్నట్టు.

అప్పుడు తగిలింది నాకు వాసన. ఆ వాసన ఆసుపత్రిది కాదు. మా చెరువు గట్టున మోటారు షెడ్డులో, తలుపు వెనక, నీలం డబ్బా మూత తీస్తే వచ్చే వాసన. చేపలకి ఎర్రమచ్చలు పడితే చెరువులో కలిపే క్రిముల మందు అది. డబ్బా మీద పుర్రె బొమ్మ కూడా ఉంటుంది.

"మామయ్యా! చెరువు మందు రాశారా?"

ఆయన లుంగీ అంచు లాగి కాలిన చోటు కప్పుకోబోయారు.

"రాశారా లేదా?"

"ఒక్క చుక్క తల్లీ. దూదితో."

"ఎన్ని నీళ్ళలో కలిపి రాశారు?"

"నీళ్ళా?" అని మామయ్య నా వంక వింతగా చూశారు. "కుట్లకి నీళ్ళు తగలకూడదని డాక్టరమ్మ గారు మరీ మరీ చెప్పారు కదమ్మా! నీళ్ళెలా కలుపుతాను?"

ఓరి నాయనో! ఎకరాల చెరువుకి పడవ మీద తిరుగుతూ నీళ్ళలో కలిపి కలిపి చల్లే మందుని ఈ మహానుభావుడు నీటి బొట్టు కలపకుండా పచ్చి గాయానికి పట్టించాడన్నమాట! అదీ డాక్టరు మాట జవదాటకూడదని!

"మండలేదాండీ?" అని అడిగారు డాక్టరమ్మ, నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటూ.

"మండకపోవడమేంటండీ, ప్రాణాలు పోయాయండి. మండుతోందంటే పని చేస్తోందనుకున్నానండి. శీలావతి చేప ఒంటి మీద పుండ్లు ఆ మందుతో మాయమైపోతాయండి. చేప ఒళ్ళు మన ఒంటి కన్నా సుకుమారం కదండీ. దానికి పని చేసింది నాకు చెయ్యదా అనుకున్నాను."

నాకు నవ్వు రాలేదండీ. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంట్లో నర్సుని పెట్టుకుని చేపల మందు రాసుకుంటారా మామయ్యా? చీము కనిపించిన రోజే నాతో ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? లోపల మెష్‌కి చీము పాకితే మళ్ళీ కోసి ఆ మెష్ తీసెయ్యాలి, తెలుసా? నా పరువు సంగతి సరే, అత్తయ్య సంగతి ఏమిటి?"

ఆ ఆఖరి మాటకి మామయ్య మొహం మారిపోయింది. పరదా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మీ అత్తయ్య కోసమేనమ్మా చెప్పనిది."

"అంటే?"

"నీకు చెబితే నువ్వు కట్టు మారుస్తావు. మారుస్తుంటే అది చూస్తుంది. చీము కంట పడిందా, ఇంక అది జన్మలో బల్ల ఎక్కదు. పందెం కట్టింది కదా." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "నొప్పి వచ్చినప్పుడు అది నన్ను లేపదు. నిద్రపోతున్నాననుకుంటుంది. పక్కనే పడుకుని వింటూ ఉంటాను తల్లీ. కొంగు నోట్లో కుక్కుకుని మూలుగుతుంది. నా పుండు ఏమైపోయినా పర్లేదు, పైకి మానినట్టు కనిపిస్తే చాలు, అది ఒప్పుకుంటుంది అనుకున్నాను. గబగబా మానిపోవాలని ఆ మందు రాశాను."

డాక్టరమ్మ చేతిలో దూది అలాగే ఉండిపోయింది. నాకు ఇందాకటి కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

పరదా సర్రున పక్కకి జరిగింది.

మా అత్తయ్య భాష మీకు ఒకటి చెప్పాలి. మామయ్యని ఎప్పుడూ "మీరు" అనే అంటుంది. కోపం వస్తే మాత్రం ఆ మీరు కాస్తా నువ్వు అయిపోతుంది.

"నీకు బుద్ధుందా?" అంది అత్తయ్య. "నువ్వు చేపవా? చేపవేనా అని అడుగుతున్నాను! మచ్చపడ్డ బొచ్చెవా నువ్వు, మందు కొట్టుకోవడానికి? నా కోసం కాల్చుకున్నాడట ఒళ్ళు! ఎవరు కాల్చుకోమన్నారు నిన్ను?" అంటూనే వెళ్ళి ఆయన తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకుంది. "నేను నొప్పి పడుతుంటే మెలకువగా ఉండి కూడా పలకవా? ఒక్కసారి వీపు మీద చెయ్యి వేస్తే నీ సొమ్మేం పోయేది?"

"వేస్తే నువ్వు మూలగడం కూడా మానేస్తావు కదే" అన్నారు మామయ్య.

ఇంక ఆవిడని బయటికి పంపే ధైర్యం మా ఎవరికీ లేదు. మాస్కు కట్టి, దూరంగా ఆయన తల వైపే నిలబడమన్నాం.

మెష్ సంగతి తేలాలి. అది తేలితేనే ఏదైనా. డాక్టరమ్మ మత్తు సూది ఇచ్చి, ఉబ్బిన మూల కుట్లు విప్పారు. చీము ఒక్కసారి బయటికి వచ్చింది. అందులోంచి కొంత, పుల్లకి చుట్టిన దూదితో తీసి సీసాలో పెట్టి నాకిచ్చారు, ఏ క్రిమో, దానికి ఏ మందు పని చేస్తుందో ల్యాబులో పెంచి చూడడానికి. తరవాత సెలైన్‌తో కడిగారు, మళ్ళీ కడిగారు. ఎంత లోతుకి పోయిందో పుల్లతో తడిమి చూశారు. నేను ట్రే పట్టుకుని మనసులో ద్వారకా తిరుమల వెంకన్నకి మొక్కేసుకున్నాను. ఏం మొక్కానో తరవాత చెప్తాను, ఇంకా మా ఆయనకే చెప్పలేదు.

నాకు విచిత్రం అనిపించింది మా అత్తయ్య. చీమంటే హడలిపోయే మనిషి కళ్ళు మూసుకుంటుందనుకున్నాను. రెప్ప వెయ్యకుండా చూస్తోంది. "ఆ పక్క మూల ఇంకా ఉందండీ" అంది. ఉంది. కడిగారు. "మళ్ళీ కుట్టెయ్యరు కదండీ?" అని అడిగింది. "పైన మూసేస్తే లోపల మళ్ళీ పట్టేస్తుందండీ. తెరిచే ఉంచాలి. అడుగు నుంచి పూడుకుంటూ రావాలి."

డాక్టరమ్మ తలెత్తి చూశారు. "అవునండీ, అలాగే వదులుతాం. మీకెలా తెలుసు?"

"ఏదోలెండి" అంది అత్తయ్య.

చివరికి డాక్టరమ్మ నడుం నిటారుగా చేసుకుని ఊపిరి వదిలారు. "పైపొరలోనే ఉంది. మెష్ దాకా పోలేదు. అదృష్టవంతులు మీరు" అన్నారు. ట్రే పక్కన పెట్టి గోడకి ఆనుకున్నాను.

"మరి చీము ఎందుకు పట్టిందండీ? నా వంట వల్ల కాదు కదా?" అని తలుపు దగ్గర నుంచి గాయత్రి వదిన గొంతు వినిపించింది. అరుపులు విని తనూ వచ్చేసింది.

"మీ వంట వల్ల కాదండీ. ఆ చెరువు మందు కూడా చర్మాన్ని కాల్చిందే కానీ చీము అంతకు ముందే పట్టింది" అని డాక్టరమ్మ మామయ్య వైపు తిరిగారు. "షుగర్ కోసే ముందే చూశాం, బాగానే ఉంది. ఒకటి నిజం చెప్పండి. ఆపరేషన్‌కి ముందు రోజు ఇంట్లో గడ్డం బ్లేడుతో అక్కడ వెంట్రుకలు తీసుకున్నారా?"

మామయ్య మొహం కందగడ్డలా అయిపోయింది. "ఆడ డాక్టరు గారు కదండీ... శుభ్రంగా వెళ్ళాలి కదండీ" అని నసిగారు.

"అదేనండీ అందరూ చేసే పొరపాటు. బ్లేడు గీసిన చోట కంటికి కనపడని కోతలు పడతాయి. అందులో క్రిములు చేరి కూర్చుంటాయి. అందుకే మేం బ్లేడు వాడం. అవసరమైతే ఆపరేషన్ ముందు ఇక్కడే మెషిన్‌తో కత్తిరిస్తాం. కచ్చితంగా దాని వల్లేనని చెప్పలేను. ఎంత జాగ్రత్త పడ్డా కొంతమందికి పడుతుంది. కానీ బ్లేడు వాడొద్దని మేం ముందే చెప్పాలి, బల్ల మీద ఆ గాట్లు చూసి ఆగాలి. ఆ తప్పు మాది." అని ఆవిడ చేతులు జోడించినంత పని చేశారు. నాకు ఆ మనిషి మీద గౌరవం ఇంకో మెట్టు పెరిగింది. నన్ను కూడా నేను మనసులో తిట్టుకున్నాను, ఇంటి మనిషికే ఆ మాట చెప్పనందుకు.

"రోజూ కట్టు మార్చాలి, అది దుర్గ చూసుకుంటుంది. ల్యాబు రిపోర్టు వచ్చాక మందు మార్చాలా లేదా చెప్తాను. కొంచెం సమయం పడుతుంది, కానీ మానుతుంది. ఇంక తిండి. పప్పు, గుడ్డు, పాలు, చేప, అన్నీ పెట్టండి. కొత్త కండ దేనితో పుడుతుందండీ, కరివేపాకు కారంతోనా?"

మామయ్య బల్ల మీద నుంచి లేవబోయారు. "చేప కూడానాండీ?"

"చేప కూడానండీ."

"విన్నావా గాయత్రీ?" అన్నారాయన. ఆ గొంతులో ఎంత ఆనందమో చెప్పలేను. మెష్ బాగుందంటే కూడా అంత సంతోషించలేదు మనిషి. గాయత్రి వదిన మొహం ఒక్క క్షణం ముడుచుకుంది. తరవాత తనే నవ్వేసింది. "సరే బాబాయ్, ఓడిపోయాను. ఎదురు వీధిలో ఉడకబెట్టిన గుడ్లు అమ్ముతున్నారు. తెస్తానుండండి" అని చెంగు దోపుకుని వెళ్ళిపోయింది. వదిన వెళ్ళిన వైపే అత్తయ్య కాసేపు చూస్తూ ఉంది.

నేను కట్టు కట్టడం పూర్తి చేశాను. ఇంక ఆగలేక, "పందెం ఓడిపోయాను అత్తయ్యా. చీము పట్టింది" అన్నాను.

"పట్టింది" అంది అత్తయ్య. మామయ్య చెయ్యి ఇంకా వదల్లేదు. "పట్టింది, చూశాను. ఎవరూ దాచలేదు, ఈయన తప్ప. విప్పారు, కడిగారు, ఎందుకు పట్టిందో చెప్పారు. తప్పు మాదేనని కూడా అన్నారు. నాకు కావలసింది అదేనే." డాక్టరమ్మ వైపు తిరిగింది. "నా పొట్ట చూస్తానన్నారు కదండీ. ఇప్పుడే చూసెయ్యండి. ఇంటికి వెళ్తే మళ్ళీ మనసు మారిపోతుంది."

నేను అత్తయ్యని పట్టుకుని ముద్దు పెట్టేసుకున్నాను. "ఛీ, వదులు పిల్లా, మందు వాసన" అంది ఆవిడ.

పరదాకి ఇవతల ఉన్న మంచం మీద పడుకోబెట్టాను. చీర కొంచెం జరపమంటే అత్తయ్య గట్టిగా కళ్ళు మూసుకుని, తనే జరిపింది.

బొడ్డు కింద నుంచి నిలువుగా ఒక గీత. సన్నటి గీత కాదు. వేలెడు వెడల్పున, ముడతలు పడి, మధ్యలో లోపలికి గుంట పడి, తెల్లగా మెరుస్తూ ఉంది. అలాంటి మచ్చ ఎలా పడుతుందో నాకు తెలుసు. కుట్లు విడిపోయి, చీము పట్టి, నెలల తరబడి తెరుచుకుని ఉండి, అడుగు నుంచి పూడుకుంటూ వచ్చిన గాయం అది. ఇందాక ఆవిడకి అన్నీ ఎలా తెలిశాయో అప్పుడు అర్థమైంది.

"సిజేరియన్ అయిందా మీకు? చెప్పనే లేదండీ" అన్నారు డాక్టరమ్మ.

"లేదండీ" అని నేనే అడ్డం వచ్చాను. "మా ఆయన ఇంట్లోనే పుట్టారు, మంత్రసాని చేతిలో. ఆయన ఒక్కరే సంతానం."

అత్తయ్య కళ్ళు తెరిచింది. నా వంక చూడలేదు. పరదా అవతల ఉన్న మామయ్యనే పిలిచింది. "ఏవండీ."

"చెప్పెయ్ నాంచారీ" అన్నారు మామయ్య. "మీ అక్క పోయింది కదా. మాట ఎవరి కోసం నిలబెట్టుకుంటావు ఇంకా?"

అత్తయ్య మామూలు గొంతుతోనే చెప్పింది, చెరువు సంగతి చెప్పినట్టు.

"వెంకటసాయి కన్నా ముందు ఒక ఆడపిల్ల. కాన్పు కష్టమైతే పట్నం తీసుకెళ్ళి కోసి తీశారు. బాగానే కోశారమ్మా, వాళ్ళని అనకూడదు. ఇంటికి తెస్తుంటే కొల్లేరు పొంగి ఉంది. పడవలో తెచ్చారు. వాన. కట్టు ముద్దగా తడిసిపోయింది. విప్పితే గాలి పోసుకుంటుందని మా అత్తగారు విప్పనివ్వలేదు. తడి కట్టు తడి కట్టులాగే ఉంచేశారు. విప్పేసరికి లోపలంతా చీము. జ్వరం. పాలు ఎండిపోయాయి. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే పక్కకి తిరిగి ఎత్తుకోలేకపోయాను. మా అక్క వచ్చింది. 'నీ గాయం మానేదాకా నేను పెంచుతానే' అని తీసుకెళ్ళింది."

నా చెయ్యి ఆవిడ భుజం మీద ఉంది.

"మానడానికి చాలా కాలం పట్టింది. మానాక తెచ్చుకుందామని వెళ్ళాను. ఎత్తుకుంటే ఏడ్చింది. అక్క ఎత్తుకుంటే ఊరుకుంది. మా అక్కకి పిల్లల్లేరు దుర్గా. అక్క మొహం చూశాక పిల్లని అడగలేకపోయాను. నేను బతికుండగా పిల్లకి చెప్పొద్దే అంది అక్క, సరేనన్నాను. తిరిగి వచ్చేశాను." అత్తయ్య ఆ గీత మీద వేలు పెట్టింది. "నాకు కోతంటే భయం లేదమ్మా. చావంటే కూడా లేదు. కోసిన చోట చీము పడితే మంచంలో పడి ఉంటాం చూడు, అప్పుడు మన చేతిలోంచి ఏం జారిపోతుందో అని భయం."

కామవరపుకోట. అక్క. నిరుడు పోయింది. బొచ్చె తలకాయ ఎప్పుడూ ఎవరి కంచంలో పడుతుందో గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నానే, నా మొహం మండా!

"అత్తయ్యా, అంటే..." అన్నాను.

అనకుండా ఉంటే బాగుండేది. తలుపు దగ్గర అలికిడి అయింది. గాయత్రి వదిన నిలబడి ఉంది. చేతిలో గుడ్ల పొట్లం. కాగితం లోంచి ఆవిరి ఇంకా వస్తోంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో, ఎంత విందో ఆ మొహం చూస్తే తెలియలేదు. కళ్ళు మాత్రం అత్తయ్య పొట్ట మీద ఉన్న గీత మీదే ఉన్నాయి.

"ఆ గీత ఎవరి కాన్పుది పిన్నీ?" అంది.

నేను చటుక్కున చీర కప్పబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. కప్పుకోలేదు.

"దగ్గరికి రా" అంది. "చూపిస్తాను."